సంధి ఎవరి సొత్తు? మైక్రో ఛానెల్ నుంచి యూఎస్‌బీ వరకు

1987 ఏప్రిల్ 2న ఐబీఎం సంస్థ పీఎస్/2 అనే పేరుతో కొత్త వ్యక్తిగత కంప్యూటర్ల వరుసను ప్రకటించింది. వాటిలో పై తరగతి నమూనాలలో, విస్తరణ కార్డులు గుచ్చే చోట, మైక్రో ఛానెల్ అనే కొత్త బస్ ఉంది. బస్ అంటే ప్రాసెసరుకూ, మెమరీకీ, కార్డులకూ మధ్య సంకేతాలు నడిచే ఉమ్మడి తీగల బాట. ఇంజనీర్లు చూసే ఏ కొలత ప్రకారం చూసినా అది అప్పటికి వాడుకలో ఉన్న పీసీ బస్ కంటే మెరుగైనది. దాన్ని తయారు చేసింది ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా పెద్ద కంప్యూటర్ సంస్థ. అయినా పదేళ్ళు తిరిగేసరికి మైక్రో ఛానెల్ పీసీల బజారులోంచి కనుమరుగైపోయింది. 1981లో హడావుడిగా తయారైన పాత బస్ మాత్రం దానికంటే ఎక్కువ కాలం బతికింది.

మెరుగైనది ఓడి, నాసిరకం గెలిచిన ఉదంతాలు సాంకేతిక చరిత్రలో చాలానే ఉన్నాయి. వాటిలో ఈ ఉదంతానికి ప్రత్యేకమైన విలువ ఉంది. రెండు యంత్రాలు కలిసే సంధిస్థానం ఒకరి సొత్తైతే ఏమవుతుందో, దాన్ని నలుగురి సొత్తుగా వదిలితే ఎవరికి లాభమో ఇది స్పష్టంగా చూపిస్తుంది. ఇవాళ మన ఫోను తీగ దగ్గరి నుంచి కృత్రిమ మేధ గిడ్డంగుల దాకా నడుస్తున్న వివాదాల మూలాలు ఇక్కడే ఉన్నాయి.

ముందుగా ఒక విషయం చెప్పుకోవాలి. రెండు పరికరాలు కలిసి పనిచెయ్యాలంటే మూడు కుదరాలి. మొదటిది రూపం: పిన్నులు, గాడి, కొలతలు సరిపోవాలి. రెండవది భాష: ఏ తీగమీద ఏ సంకేతం ఎప్పుడు రావాలో, దాన్ని అవతలి సాఫ్ట్‌వేర్ ఎలా అర్థం చేసుకోవాలో రెండు పక్షాలకూ తెలియాలి. మూడవది అనుమతి: ఆ రూపాన్నీ, భాషనూ వాడి సరుకు తయారు చేసి అమ్మే హక్కు ఉండాలి. ‘అనుకూలత’ అని మనం ఒకే మాటతో చెప్పేది ఈ మూడు పొరల మొత్తం. మూడింటిలో ఏ ఒక్కదాన్ని గుప్పిట్లో పెట్టుకున్నా తక్కినవాటిని అదుపు చెయ్యవచ్చు.

పెద్ద యంత్రాల కాలం

ఈ పోరు పీసీతో మొదలవలేదు. 1964 ఏప్రిల్ 7న ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 ఒక కొత్త ఆలోచనతో వచ్చింది. చిన్న నమూనా నుంచి పెద్ద నమూనా దాకా అన్నీ ఒకే ఆదేశాలను పాటిస్తాయి. డిస్కులు, టేపు యంత్రాలు వంటి ఉపకరణాలన్నీ ఒకే రకమైన సంధి ద్వారా వాటికి కలుస్తాయి. కొనేవారికి ఇది గొప్ప సౌకర్యం. ఐబీఎం ఆశించని ఫలితం కూడా ఒకటి దీని వెనకే వచ్చింది. సంధి ఒకటే కావడంతో, దానికి సరిపడే టేపు యంత్రాన్నో డిస్కునో ఇతరులు కూడా తయారు చెయ్యగలిగారు. టెలెక్స్, మెమొరెక్స్ వంటి సంస్థలు ఐబీఎం ఉపకరణాన్ని ఊడదీసి, ఆ స్థానంలో తమది పెట్టి, తక్కువ అద్దెకు ఇవ్వసాగాయి.

ఐబీఎం ధరలు తగ్గించింది, అద్దె ఒప్పందాలను మార్చింది, కొన్ని నియంత్రణ పరికరాలను ప్రధాన యంత్రం లోపలికి జరిపింది. టెలెక్స్ 1972లో కోర్టుకు వెళ్ళి 1973లో గెలిచింది. 1975లో పై కోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అమెరికా కోర్టుల్లో తేలనిది కొంత యూరపులో తేలింది. 1984 ఆగస్టులో యూరోపియన్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందంలో, సిస్టమ్/370 వరుసలో కొత్త యంత్రాన్ని ప్రకటించిన నాలుగు నెలల లోపల దాని సంధి వివరాలను పోటీదారులకు అందిస్తామని ఐబీఎం అంగీకరించింది. సంధి వివరాలు కేవలం వ్యాపార రహస్యం కావనీ, వాటిని దాచిపెట్టడం పోటీని అడ్డుకోవడం కావచ్చనీ ఒక ప్రభుత్వ వ్యవస్థ భావించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

బోకా రాటన్ పెట్టె

ఆ ఒప్పందానికి మూడేళ్ళ ముందే అదే ఐబీఎం తన చేతులతో తానే ఒక సంధిని బహిరంగం చేసింది. ఫ్లోరిడాలోని బోకా రాటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలోని చిన్న బృందం దాదాపు ఏడాదిలో పీసీని తయారు చేసింది. 1981 ఆగస్టు 12న అది వెలువడింది. వ్యవధి తక్కువ కనుక బజారులో దొరికే భాగాలనే వాడారు: ఇంటెల్ వారి 8088 ప్రాసెసర్, మైక్రోసాఫ్ట్ వారి ఆపరేటింగ్ సిస్టమ్. లోపల ఐదు విస్తరణ స్లాట్లు పెట్టారు. ఇతరులు కార్డులు తయారు చేస్తేనే యంత్రానికి విలువ పెరుగుతుందని సర్క్యూట్ చిత్రాలతో, బయోస్ ప్రోగ్రాము పాఠంతో సహా సాంకేతిక గ్రంథాన్ని అచ్చువేసి అమ్మారు.

ఇలా రూపం, భాష బహిరంగమయ్యాయి. బస్‌ను వాడుకోవడానికి ఎవరి అనుమతీ అడగవలసిన పని లేకపోయింది. ఐబీఎం చేతిలో మిగిలిన తాళం ఒక్కటే: బయోస్ మీద కాపీరైట్. కొత్తగా పుట్టిన కాంపాక్ సంస్థ ఆ తాళాన్ని చట్టబద్ధంగానే తీసింది. ఐబీఎం బయోస్‌ను చదివినవారు అది ఏ పని చేస్తుందో మాత్రమే రాసిచ్చారు. దాన్ని ఎన్నడూ చూడనివారు ఆ వర్ణన ఆధారంగా కొత్త ప్రోగ్రామును రాశారు. కాపీరైట్ రక్షించేది రాసిన పాఠాన్ని. ఆ పాఠం చేసే పనిని కాదు. 1983లో, అమ్మకాలు మొదలైన మొదటి ఏడాదిలోనే, కాంపాక్ 11 కోట్ల డాలర్లకు పైగా వ్యాపారం చేసింది. 1984 నుంచి ఫీనిక్స్ సంస్థ అలాంటి బయోస్‌ను ఎవరికి కావాలంటే వారికి అమ్మసాగింది. అప్పటి నుంచి పీసీ తయారు చెయ్యడానికి ఐబీఎం అక్కరలేదు.

1984లో వచ్చిన పీసీ/ఏటీ బస్‌ను 8 బిట్ల నుంచి 16 బిట్లకు విస్తరించింది. పాత కార్డులు అందులోనూ పనిచేశాయి. 1986 సెప్టెంబరులో కాంపాక్ ఒక అడుగు ముందుకు వేసి, ఇంటెల్ వారి కొత్త 386 ప్రాసెసరుతో ఐబీఎం కంటే ముందే యంత్రాన్ని బజారులో పెట్టింది. పీసీ ఎటు నడవాలో నిర్ణయించే అధికారం ఐబీఎం చేతిలోంచి జారిపోతోందని అందరికీ అర్థమయింది.

మైక్రో ఛానెల్

పీఎస్/2 ఆ అధికారాన్ని తిరిగి తెచ్చుకోవడానికి చేసిన ప్రయత్నం. 1980లో పీసీ ఆలోచనను ఐబీఎం పెద్దల ముందు పెట్టిన విలియం లోవే ఇప్పుడు ఆ విభాగానికి అధిపతి. మైక్రో ఛానెల్‌ను కేవలం వ్యాపారపు ఎత్తుగడ అని కొట్టిపారెయ్యడం మాత్రం అన్యాయమే. పాత బస్‌కు నిజమైన జబ్బులున్నాయి. 386 ప్రాసెసర్ 32 బిట్లదైతే బస్ 16 బిట్ల దగ్గరే ఆగిపోయింది. రెండు కార్డులు ఒకే అంతరాయ సంకేతాన్ని నమ్మకంగా పంచుకోలేకపోయేవి. కొత్త కార్డు పెట్టాలంటే చిన్న చిన్న జంపర్లను, స్విచ్చులను చేత్తో మార్చి, ఏ కార్డుతో ఏది గొడవపడుతుందో చూసుకోవాలి. మైక్రో ఛానెల్‌లో 32 బిట్ల బాట ఉంది. అంతరాయ సంకేతాలను పంచుకోవచ్చు. కార్డు అమరికను సాఫ్ట్‌వేరే చేస్తుంది.

ఈ లాభాలతో పాటు రెండు షరతులు వచ్చాయి. ఒకటి, పాత కార్డు ఒక్కటీ కొత్త స్లాటులో పట్టదు. రెండు, ఈసారి సంధి చుట్టూ పేటెంట్లున్నాయి. మైక్రో ఛానెల్ యంత్రాలు తయారు చెయ్యదలచినవారు అమ్మకపు ఆదాయంలో 5 శాతం వరకు రాయల్టీ చెల్లించాలని ఐబీఎం కోరింది. అంతకుముందు అమ్మిన పీసీ అనుకూల యంత్రాలమీద కూడా బాకీ వసూలు చేస్తుందన్న సంగతి పరిశ్రమలో కలవరం రేపింది. లాభపు పాళ్ళు సన్నగా ఉండే వ్యాపారంలో ఆదాయం మీద 5 శాతం అంటే చిన్న విషయం కాదు. ధర ఎంత అన్నదానికంటే, ఆ ధరను నిర్ణయించేది పోటీదారే అన్నది ఇంకా పెద్ద ఇబ్బంది.

1988 సెప్టెంబరు 13న తొమ్మిది సంస్థలు దీనికి జవాబిచ్చాయి: ఏఎస్‌టీ, కాంపాక్, ఎప్సన్, హ్యూలెట్ ప్యాకార్డ్, ఎన్ఈసీ, ఒలివెట్టి, ట్యాండీ, వైజ్, జెనిత్. వీటిలో ట్యాండీ అదే ఏడాది మైక్రో ఛానెల్ యంత్రాన్ని కూడా ప్రకటించిన సంస్థ. రెండు పడవల మీద కాళ్ళు పెట్టింది. వీరు ప్రకటించిన ఈఐఎస్ఏ అనే బస్ కూడా 32 బిట్లదే. దాని స్లాటు రెండంతస్తులది. పాత కార్డు పై అంతస్తు దగ్గర ఆగిపోతుంది. కొత్త కార్డు లోతుగా దిగి కింది అంతస్తులోని పిన్నులను కూడా తాకుతుంది. పేరులేని పాత బస్‌కు ‘పరిశ్రమ ప్రామాణిక నిర్మాణం’ అనే అర్థం వచ్చేలా ఐఎస్ఏ అని నామకరణం చేసిందీ ఈ తొమ్మిదిమందే. ఐబీఎం తయారు చేసిన వస్తువుకు దాని పోటీదారులు పేరు పెట్టి, అది పరిశ్రమ మొత్తానిదని చాటారు.

నిజానికి ఈఐఎస్ఏ కూడా ఇంటింటికీ చేరలేదు. ఖరీదు ఎక్కువ కావడంతో అది సర్వర్లకే పరిమితమయింది. మామూలు కొనుగోలుదారు ఐఎస్ఏతోనే సరిపెట్టుకున్నాడు. కాని దాని అసలు ప్రయోజనం నెరవేరింది: ఐబీఎం వెంట నడవక తప్పదన్న భయం పోయింది. 1992లో ఐబీఎం స్వయంగా వాల్యూపాయింట్ అనే వరుసలో ఐఎస్ఏ స్లాట్లకు తిరిగి వచ్చింది.

పీఎస్/2 పూర్తిగా వృథా కాలేదు. అదే ప్రకటనలో వచ్చిన వీజీఏ చిత్ర ప్రమాణం, చిన్న గుండ్రని కీబోర్డు, మౌస్ పోర్టులు ప్రపంచమంతా వ్యాపించి దశాబ్దాలపాటు నిలిచాయి. వాటిని తయారీదారులందరూ తమ యంత్రాలలోకి తీసుకోగలిగారు. ఒకే పెట్టెలోంచి వచ్చిన వస్తువుల్లో నలుగురి చేతికి అందినవి బతికాయి. యజమాని గట్టిగా పట్టుకున్నది పోయింది.

మన ఊళ్ళలో దీని ఫలితం కంటికి కనిపించింది. 1990లలో సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ‘అసెంబుల్డ్’ కంప్యూటర్ కొన్నవారు ఈ పత్రిక పాఠకుల్లో చాలామందే ఉంటారు. ఒక కొట్లో మదర్‌బోర్డు, పక్క కొట్లో డిస్కు, ఇంకో చోట డిస్ప్లే కార్డు కొని, స్క్రూడ్రైవర్ పట్టుకున్న ఒక కుర్రవాడి చేత గంటలో బిగింపించుకోగలగడానికి కారణం, ఆ సంధులకు ఎక్కడా కాపలాదారు లేకపోవడమే. బ్రాండు యంత్రం కొనలేని మధ్యతరగతి ఇళ్ళకు కంప్యూటర్ చేరిన దారుల్లో అది ముఖ్యమైనది. ఆదాయం మీద 5 శాతం అడిగే సంధి గెలిచి ఉంటే ఆ కొట్లు అలా నడిచి ఉండేవా అన్నది ఆలోచించదగ్గ ప్రశ్న.

ఇంటెల్ లెక్క

ఐఎస్ఏ జబ్బులు మాత్రం అలాగే ఉండిపోయాయి. చివరకు మందు ఇచ్చింది కంప్యూటర్ తయారీదారు కాదు, ప్రాసెసర్ తయారీదారు. 1992 జూన్‌లో ఇంటెల్ పీసీఐ బస్‌ను ప్రకటించింది. దాన్ని రాయల్టీ లేకుండా వాడుకోనిచ్చి, నిర్వహణను ఒక పరిశ్రమ సంఘానికి అప్పగించింది.

దీన్ని దాతృత్వం అనుకోవలసిన అవసరం లేదు. బస్ నెమ్మదిగా ఉంటే వేగవంతమైన ప్రాసెసర్ కొనడానికి జనానికి కారణం ఉండదు. సంధిని ఉచితంగా ఇస్తే ప్రాసెసర్లూ, వాటి తోడు చిప్పులూ అమ్ముడవుతాయి. ఐబీఎం సంధి దగ్గర సుంకం వసూలు చెయ్యాలనుకుంది. ఇంటెల్ సంధిని ఉచితం చేసి, దాని పక్కనే తన దుకాణం పెట్టుకుంది. ఏ బహిరంగ ప్రమాణాన్ని చూసినా, దాన్ని బహిరంగం చేసినవారి లాభం ఎక్కడుందో వెతకడం చరిత్రకారుడి పని. లాభం ఉండడం వల్ల ఆ ప్రమాణం విలువ తగ్గదు. అది ఎంతకాలం బహిరంగంగా ఉంటుందో అంచనా వెయ్యడానికి మాత్రం ఆ సమాచారం పనికొస్తుంది.

పీసీఐ ఇంటెల్ ప్రపంచపు సరిహద్దులు కూడా దాటింది. డిజిటల్ సంస్థ ఆల్ఫా యంత్రాలు, 1995 నుంచి ఆపిల్ పవర్ మ్యాకింతోష్‌లు, తరువాత సన్ యంత్రాలు దాన్ని స్వీకరించాయి. అప్పటిదాకా ఆపిల్ వాడిన నూబస్ కార్డులు తక్కువ సంఖ్యలో తయారయ్యేవి, ధర ఎక్కువ. ఇక ఏ కార్డైనా ఏ యంత్రంలోనైనా పనిచేస్తుందని చాలామంది ఆశించారు.

రెండవ పొర అక్కడ అడ్డుపడింది. గ్రాఫిక్స్ కార్డు మీద ఉండే ఒక చిన్న రోమ్ చిప్పులో, యంత్రం ఆన్ చెయ్యగానే కార్డును మేల్కొలిపే ప్రోగ్రాము ఉంటుంది. పీసీ కార్డులలో అది ఇంటెల్ ప్రాసెసర్ భాషలో రాసి ఉండేది. మ్యాకింతోష్‌లు ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే వేరే పద్ధతిని అనుసరించేవి. అందులో ఆ ప్రోగ్రాము ఏ ప్రాసెసరుకూ కట్టుబడని ఫోర్త్ సంకేతాలలో ఉండాలి. సిద్ధాంతపరంగా ఇదే మేలైన పద్ధతి. కాని బజారులో అత్యధిక సంఖ్యాకులు పీసీవారే. ఫలితంగా, అదే చిప్పు, అదే స్లాటు ఉన్నా మ్యాక్ కార్డు వేరుగా, చాలాసార్లు ఎక్కువ ధరకు అమ్ముడయింది. ఔత్సాహికులు పీసీ కార్డు కొని, దాని రోమ్‌లో మ్యాక్ ప్రోగ్రామును ఎక్కించి పని జరుపుకునేవారు. గాడిలో పట్టినంత మాత్రాన మాట కలవదని అప్పుడు తేలింది.

పోర్టుకు ఒక డాలరు

పెట్టె బయటి సంధుల కథలో ఇదే నాటకం మరోసారి నడిచింది. ఫైర్‌వైర్‌ను ముఖ్యంగా ఆపిల్ అభివృద్ధి చేసింది. 1995లో అది ఐఈఈఈ 1394 ప్రమాణమయింది. సెకనుకు 400 మెగాబిట్ల వేగం. మధ్యలో కంప్యూటర్ లేకుండానే రెండు పరికరాలు మాట్లాడుకోగలవు. 1996 జనవరిలో ఏడు సంస్థలు కలిసి విడుదల చేసిన యూఎస్‌బీ వేగం 12 మెగాబిట్లే. కీబోర్డులకూ మౌస్‌లకూ అది చాలు. బరోడాలో చదువుకుని అమెరికా వచ్చిన అజయ్ భట్ ఇంటెల్‌లో ఆ రూపకల్పనలో ప్రముఖ పాత్ర వహించాడు. యూఎస్‌బీని కూడా రాయల్టీ లేకుండానే ఇచ్చారు. 1998లో ఆపిల్ తన ఐమ్యాక్‌లో పాత పోర్టులను తీసేసి యూఎస్‌బీనే నమ్ముకోవడం దాని వ్యాప్తికి ఊతమిచ్చింది.

1999 జనవరిలో ఆపిల్ ఫైర్‌వైర్ పేటెంట్లకు పోర్టుకు ఒక డాలరు అడుగుతోందన్న వార్త బయటికి వచ్చింది. నిరసనలు చెలరేగాయి. కొద్ది నెలల్లో పేటెంటుదారులందరూ కలిసి పరికరానికి 25 సెంట్లకు దాన్ని తగ్గించారు. కాని అప్పటికే నమ్మకం చెడింది. 2000లో 480 మెగాబిట్ల యూఎస్‌బీ 2.0 వచ్చింది. రాయల్టీ ఒక్కటే కారణమని చెప్పలేం. ఫైర్‌వైర్ చిప్పులు కూడా ఖరీదైనవే. అయితే ఇంటెల్ యూఎస్‌బీని తన చిప్పుల్లోనే కలిపి ఇవ్వడంతో కంప్యూటర్ తయారీదారుకు అది దాదాపు ఉచితంగా వచ్చింది. ఫైర్‌వైర్ వీడియో కెమెరాలలో కొంతకాలం నిలిచి తప్పుకుంది.

చట్టం ప్రవేశం

మూడవ ఘట్టంలో ఆపిల్ తన పాఠాన్ని తనకు అనువుగా నేర్చుకుంది. 2012 సెప్టెంబరులో ఐఫోన్ 5తో వచ్చిన లైట్నింగ్ తీగలో ఒక గుర్తింపు చిప్పు ఉంది. లైసెన్సు లేని తీగను ఫోను పట్టేస్తుంది. ఐబీఎం పేటెంట్ల ద్వారా, కోర్టుల ద్వారా కాపాడుకోవలసి వచ్చిన అనుమతి పొర ఇక్కడ తీగలోనే ఇమిడిపోయింది. వేరే సంస్థలు కలిసి ప్రత్యామ్నాయ తీగను తయారు చేసినా లాభం లేదు; ఫోనుకు ఉన్న గాడి ఒక్కటే. తొమ్మిదిమంది కూటమి వంటిది ఇక్కడ పుట్టే అవకాశమే లేదు.

అందుకే ఈసారి మార్పు బజారు నుంచి కాక చట్టం నుంచి వచ్చింది. 2022లో యూరోపియన్ యూనియన్ చేసిన శాసనం ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు వంటివాటికి యూఎస్‌బీ-సీ చార్జింగ్ సంధి తప్పనిసరి. ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28. ఆపిల్ 2023లో ఐఫోన్ 15తోనే మారింది. కొత్తదనానికి ఇది అడ్డవుతుందని ఆపిల్ వాదించింది. ఆ వాదనను తేలిగ్గా తీసిపారెయ్యలేం. ఏ రూపాన్నైనా చట్టంలో రాసిన తరువాత మార్చడం కష్టం. ఇంకా, చట్టం ముందుగా కలపగలిగింది రూపాన్ని. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు యూఎస్‌బీ-సీ తీగల్లో ఒకటి సెకనుకు 480 మెగాబిట్లు మోస్తుంది, ఇంకొకటి 40 గిగాబిట్లు మోస్తుంది. ఒకటి 60 వాట్లకు ఆగుతుంది, మరొకటి 240 వాట్లు ఇస్తుంది. 1995 నాటి గ్రాఫిక్స్ కార్డు సమస్య తీగలోకి దిగింది.

ప్రస్తుతం ఇదే పోరు కృత్రిమ మేధ యంత్రాల మధ్య నడుస్తోంది. వేల ప్రాసెసర్లను ఒకే యంత్రంలా పనిచేయించే సంధి వేగం మీదే అక్కడ అంతా ఆధారపడి ఉంది. ఎన్‌విడియాకు ఎన్‌విలింక్ అనే సొంత సంధి ఉంది. 2024 మేలో ఏఎమ్‌డీ, బ్రాడ్‌కామ్, సిస్కో, గూగుల్, హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్, ఇంటెల్, మెటా, మైక్రోసాఫ్ట్ కలిసి యూఏలింక్ అనే బహిరంగ ప్రమాణాన్ని ప్రతిపాదించాయి. 2025లో దాని తొలి నిర్దేశం వెలువడింది. అదే ఏడాది ఎన్‌విడియా తన సంధిని ఎంపిక చేసిన భాగస్వాములకు కొంతమేర తెరిచింది. 1988లో తొమ్మిదిమంది నడిచిన బాటలోనే ఎనిమిదిమంది బయలుదేరారు. హ్యూలెట్ ప్యాకార్డ్ పేరు రెండు జాబితాల్లోనూ ఉంది.

ఫలితం కూడా అలాగే ఉంటుందని చెప్పడానికి లేదు. 1988లో కూటమికి రెండు బలాలున్నాయి: కోట్ల యంత్రాలలో అప్పటికే ఉన్న, ఎవరూ వెనక్కి తీసుకోలేని పాత బహిరంగ బస్ ఒకటి, ఐబీఎం లేకుండా నడిచే సాఫ్ట్‌వేర్ ఒకటి. ఎన్‌విడియా ప్రత్యర్థులకు ఈ రెండూ లేవు. సంధితో పాటు దానిమీద నడిచే సాఫ్ట్‌వేర్ భాష కూడా ఎన్‌విడియాదే. ఈ రంగంలో పనిచేసే మన పాఠకులు ‘బహిరంగ ప్రమాణం’ అన్న మాట విన్నప్పుడల్లా మూడు పొరలనూ విడివిడిగా పరిశీలించాలి. కొలతలు ఎవరైనా చదవవచ్చా? అవతలి పక్షం భాషను ఎవరైనా రాయవచ్చా? సరుకు అమ్మే ముందు ఎవరి సంతకమైనా కావాలా? మైక్రో ఛానెల్ మొదటి రెండు ప్రశ్నలకు సరైన జవాబే చెప్పింది. మూడవ ప్రశ్న దగ్గర ఓడిపోయింది.